వాడవారి దారి

జనవరి 26. జెండా ఎగరేసిన తరువాత అపార్ట్‌మెంటు సెల్లారులో జరిగిన సమావేశంలో నేను చెప్పిన అభ్యంతరాన్ని మినిట్స్ పుస్తకంలో ఎక్కించలేదు. అడిగితే చోటు చాలలేదన్నారు. ఆ పేజీలో సగం ఖాళీగా ఉండటం నేను చూశాను.

ఫిబ్రవరి 9. పాలపాకెట్టుతో పాటు గుమ్మంలో ఒక కరపత్రం పడింది. మా వాడ పేరు చివర ఉన్న "వాడ" తీసివేసి "ఎన్‌క్లేవ్" అని పెట్టుకున్నామనీ, ఇకమీదట అందరూ ఆ పేరే వాడాలనీ అందులో ఉంది. కింద సంతకం లేదు.

ఫిబ్రవరి 21. సందు మొగలో ఉన్న నాపరాయి పేరుపలకను పీకి మురుగుకాలువ మీద మూతగా పరిచారు. అక్షరాలు పైకే ఉన్నాయి. వాటిని తొక్కుకుంటూ వెళ్ళి కార్లెక్కుతున్నారు.

మార్చి 12. సందు చివర, కాలువ గట్టు దగ్గరున్న ఆఖరి ఇంటికి ఇవతలగా ఇనుపగేటు బిగించి తాళం వేశారు. ఆఖరి ఇల్లు గేటుకు బయట పడింది.

మార్చి 14. ఆ ఇంట్లో ఉండి పరుపులు కుట్టే సాయిబు గారి బండిని వాచ్‌మన్ గేటు దగ్గర ఆపి వెనక్కి పంపాడు.

మార్చి 17. గేటు తీయమని కమిటీకి నేను రాసిన ఉత్తరం తీసుకున్నారు. అందినట్టు సంతకం పెట్టమంటే పెట్టలేదు.

మార్చి 30. జవాబు వచ్చింది. కాలనీవాళ్ళ ఫోను గ్రూపులో, రెండు చేతులు జోడించిన బొమ్మ.

ఇవి నా డైరీలోంచి ఎత్తి రాసినవి. ఒక్క మాట కలపలేదు. నలభై ఏళ్ళకు పైగా రిజిస్ట్రారాఫీసు వరండాలో కూర్చుని ఇతరుల దస్తావేజులు రాసినవాణ్ణి. రాసిన ప్రతి దస్తావేజుకూ ఒక నకలు నా దగ్గర ఉంచుకునే అలవాటు. ఆ కట్టలు ఇప్పటికీ మా ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి. చెదలు పట్టినవి కొన్ని పోయాయి. మా సందుకు సంబంధించినవి పోలేదు. ఆ సంగతి తెలిసి ఉంటే మా కమిటీవారు గేటు కంటే ముందు నా బీరువాకు తాళం వేయించి ఉండేవారు.

మా వాడ పేరులోని ముందుమాటను ఇక్కడ రాయను. అది ఎవరో దాత పేరు. ఆయనతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా వెనకమాటతో.

ఆ వెనకమాట పుట్టుక గురించి నేను కనిపెట్టింది ఏమీ లేదు; నిఘంటువులు చెప్పేదే చెబుతాను. సంస్కృతంలో వాట అంటే కంచె, కంచె కట్టిన చోటు, తోట. అది ప్రాకృతం మీదుగా వచ్చి మన నోట్లో వాడ అయింది. మరాఠీవారికి వాడా అంటే పెద్ద లోగిలి. మన దగ్గర ఆ మాట కొంతకాలానికి కంచెను వదిలేసి మనుషులను పట్టుకుంది. కుమ్మరివాడ, సాలెవాడ, గొల్లవాడ అన్నప్పుడు కంచె ఎక్కడుందని ఎవరూ వెతకలేదు. అక్కడ ఏ పనివాళ్ళు ఉంటారో తెలుసుకున్నారు. ఒక పని చేసేవాళ్ళు ఒకచోట చేరి, ఒకరి గుమ్మం ముందునుంచి ఒకరు నడిచి, ఒకరి అరుగు మీద ఒకరు కూర్చుంటే అది వాడ. ఊరూవాడా కదిలింది అంటాం. ఒక్కరినీ వదలకుండా అని దాని అర్థం. గుడివాడకు ఆ మాట సరిపోయింది. బెజవాడకు సరిపోయింది, ఆ ఊరు పేరు మార్చుకున్నప్పుడు కూడా ముందుమాటనే మార్చుకుంది, వాడను వదులుకోలేదు. సరిపోనిదల్లా మా సందులో కొత్తగా లేచిన అపార్ట్‌మెంటువారికి. ఊరి పేరులో ఉంటే రాని సిగ్గు సందు పేరులో ఉంటే వచ్చింది వీరికి.

సిగ్గు ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. పత్రికల్లో, ప్రభుత్వ కాగితాల్లో ఫలానా కులంవారి వాడ అని చదివీ చదివీ, ఆ మాట వింటేనే తమనూ ఆ కులంవారనుకుంటారేమోనని వీరికి భయం. చదువుకున్నవారి భయం కాబట్టి దానికి వేరే కారణాలు కట్టారు. ఫుడ్ డెలివరీవాళ్ళకు పలకడం కష్టం అన్నారు ఒకరు. పేర్లశాస్త్రం చూసే ఒకాయనను పిలిపించారు. ఆయన మా పలక దగ్గర నిలబడి, వాడ అంటే వాడిపోయేది, అందుకే ఇక్కడ స్థలాల రేట్లు పెరగడం లేదు అని తేల్చాడు. డిగ్రీలు చదివినవారు పదిమంది చుట్టూ నిలబడి తలలూపారు. కొత్తగా తెచ్చుకున్న ఇంగ్లీషు మాటకు అర్థం మాత్రం ఎవరూ చూడలేదు. నేను చూశాను. చుట్టూ పరాయి నేల ఉండగా మధ్యలో ఇరుక్కున్న ముక్క అని ఉంది.

జనవరి ఇరవయ్యారున జరిగినది కొంత వివరంగా చెప్పాలి. కమిటీ కార్యదర్శి ఉద్యోగం నుంచి ముందే విరమించుకుని స్థలాల వ్యాపారం చేసుకుంటున్న మనిషి. సందు మొదట్లో ఉన్న పాత పెంకుటిల్లు కొని, పడగొట్టి, అపార్ట్‌మెంటు కట్టింది ఆయనే. నన్ను బాబాయి గారూ అని పిలుస్తాడు. ఆ పిలుపులో నాకెప్పుడూ చుట్టరికం వినిపించలేదు. ఆ ఉదయం మైకు పట్టుకుని, దేశమంతటా వాడవాడలా జెండా ఎగురుతోందని గంభీరంగా ఉపన్యసించాడు. అరగంట తరువాత సెల్లారులో కుర్చీలు వేయించి, వాడను తీసేయాలని తీర్మానం చదివాడు. రెండూ ఒకే నోటితో.

తీర్మానంలో రెండు అంశాలు. మొదటిది పేరు. రెండోది గేటు: భద్రత కోసం సందును కాలువ వైపు మూసేయాలి. గేటు ఎక్కడ పెడతారని నేను అడిగాను. ఆఖరి ఇంటికి ఇవతల, అన్నాడు. ఆఖరి ఇల్లు మన వాడలోది కాదా అన్నాను. అది ఎన్‌క్లేవ్ ప్లానులో రాదు బాబాయి గారూ, అది రేకుల షెడ్డు, ఎలివేషన్ చెడిపోతుంది అని జవాబు. ఆ ఇల్లు సందులో అన్నిటికంటే పాతది. ప్లాను గీసినవాడి వయసు కంటే ఆ ఇంటి వయసు ఎక్కువ.

అప్పుడు మా ఇంటి పక్కనుండే సిస్టరు గారు లేచారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయినావిడ. ఆదివారం చర్చికి, మిగతా రోజుల్లో ఎవరికి జ్వరమొస్తే వారింటికి వెళ్తారు. సమావేశాల్లో నోరు విప్పే మనిషి కాదు.

"నేను పుట్టింది దివిసీమలో ఒక వెలివాడలో అండీ," అన్నారావిడ. "మా నాన్న ఏనాడూ వాడను తప్పు పట్టలేదు. వెలిని తప్పు పట్టాడు. మీరు వాడ తీసేసి వెలి ఉంచుకుంటున్నారు."

కార్యదర్శి తీర్మానం కాగితం మడుస్తూ, సిస్టర్ గారూ మీరు ఎమోషనల్ అవుతున్నారండీ, అన్నాడు. చేతులెత్తమన్నారు. ఎత్తనివాళ్ళం ఇద్దరం. అంతటితో టిఫిన్లు వచ్చాయి. నా అభ్యంతరం పుస్తకంలోకి రాకపోవడానికి టిఫిన్ల తొందర కూడా ఒక కారణం కావచ్చునని న్యాయంగా ఒప్పుకుంటున్నాను.

ఇక సాయిబు గారి సంగతి. ఆయన తాత కాలం నుంచి ఆ ఇంట్లో పత్తి ఏకి పరుపులు కుట్టడమే పని. ఒకప్పుడు వింటితో ఏకేవారు, ఇప్పుడు మిషను ఉంది. మా వాడలో ఒక పద్ధతి ఉంది. పాత పరుపు గడ్డకట్టితే ఆయన బండి తెచ్చి ఎక్కించుకుపోతాడు. ఇంట్లో విప్పి, ఏకి, ఎండబెట్టి, ఆ ఇంటివారి పత్తి ఆ ఇంటివారికే కుట్టి తెస్తాడు. ఒకరి పత్తి ఇంకొకరి పత్తిలో కలవనివ్వడు. ఎవరైనా కన్నుమూసిన పరుపులోని పత్తిని మాత్రం ఏకడు, ఇంటివారికే అప్పగిస్తాడు. ఇదంతా జరగాలంటే బండి ఆ సందులో నడవాలి. కాలువ గట్టు మీదికి పోవడానికి ఆయన ఇంటి వెనక మెట్లున్నాయి, ఒక మనిషి ఒదిగి ఎక్కేటంత. బండి ఎక్కదు.

మార్చి పద్నాలుగున బండిని తిప్పి పంపిన తరువాత ఆయన గట్టు మీదుగా చుట్టు తిరిగి, మెయిన్ రోడ్డు వైపునుంచి మా ఇంటికి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చుని ముందు నవ్వాడు.

"రైటరు గారూ, గేటుకి ఇటుపక్క దేశం పేరేంటండీ? వీసా ఎక్కడిస్తారో కనుక్కుందామని."

ఆ మర్నాడు ఒక పరుపును చుట్టి, తాడు కట్టి, తానూ తన అల్లుడూ చెరో కొసా భుజాన వేసుకుని మెట్లెక్కారట. గట్టు మీద పోయేవాళ్ళు చెప్పులు విడిచి పక్కకు తప్పుకున్నారట. ఎవరండీ పోయింది అని ఒకాయన అడిగితే, మా యాపారం అండీ, అని చెప్పానన్నాడు. అప్పుడూ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

వానలు మొదలైతే ఈ మోత కూడా సాగదు. తడిసిన పత్తి మళ్ళీ ఎండదు, కుళ్ళుతుంది. తొలకరి లోపల దారి తెరవకపోతే ఇల్లు వదిలి ఇబ్రహీంపట్నంలో ఉన్న చిన్నకూతురి దగ్గరికి పోవాలని ఇంట్లో అనుకుంటున్నారట. అక్కడ ఆయన పరుపు కుట్టమని అడిగేవారు లేరు. ఆయనను ఎరిగినవారంతా ఈ సందుల్లోనే ఉన్నారు. ఇంకో మాట కూడా రాసి ఉంచాలి: సెల్లారులో చేతులెత్తినవారిలో చాలామంది పడుకునేది ఆయన ఏకిన పత్తి మీదే.

ఆ వారమంతా నేను బీరువా ముందు కూర్చున్నాను. నాకు రాత నేర్పిన పెద్దాయన చల్లపల్లి ఎస్టేటులో గుమాస్తాగా చేసి వచ్చినవాడు. ఆయన దగ్గర రెండు నియమాలు ఉండేవి. హద్దులు రాసే ముందు స్థలం చుట్టూ స్వయంగా నడవాలి. రాసేటప్పుడు ముందు దారి రాయాలి, తరువాతే ఇల్లు. దారి లేని ఇల్లు అమ్మినవాడికీ కొన్నవాడికీ కాక కోర్టుకు చెందుతుందనేవాడు.

మా సందు పాత దస్తావేజులన్నీ ఆ నియమం ప్రకారమే ఉన్నాయి. మొదట ఈ నేలంతా ఒకే కుటుంబానిది. వారు ముక్కలు చేసి అమ్మినప్పుడు మధ్యలో పన్నెండడుగుల బాట విడిచి, ప్రతి కాగితంలోనూ ఒకే వాక్యం రాయించారు: ఇది వాడవారందరి ఉమ్మడి రాకపోకలకు, బండ్ల రాకపోకలకు విడిచిన దారి, దీనిని ఎవరూ మూయరాదు. సాయిబు గారి తాత కాగితంలో ఆ వాక్యం ఉంది. సిస్టరు గారి కాగితంలో ఉంది. మా కాగితంలో ఉంది. దారి సర్కారుకు రాసివ్వలేదు, ఏ ఒక్కరికీ రాసివ్వలేదు. వాడవారికి రాసిచ్చారు. వాడవారు అనిపించుకునేవారికే ఆ బాట మీద కాలు పెట్టే హక్కు.

చివరికి కార్యదర్శి దస్తావేజు నకలు తీశాను. అందులో ఆ వాక్యం లేదు.

దాన్ని రాసింది నేనే. చదువుతుంటే ఆ రోజు గుర్తుకొచ్చింది. పెంకుటిల్లు కొనేటప్పుడు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, వాడ అని వద్దు బాబాయి గారూ, లోను ఇచ్చేవాళ్ళు ఏదోలా చూస్తారు, కాలనీ అని రాయండి అన్నాడు. హద్దుల్లో కూడా కాలనీ రోడ్డు అని మార్చమన్నాడు. స్థలం చుట్టూ నడవలేదు నేను, మా సందే కదా అనుకున్నాను. పాత కాగితం పక్కన పెట్టుకుని సరిపోల్చలేదు. ఆ మధ్యాహ్నం ఇంకా రెండు దస్తావేజులు ఉన్నాయి. రాసిచ్చాను. ఆ పేరుతో కాలనీ గాని, కాలనీ రోడ్డు గాని ఏ పాత కాగితంలోనూ లేవు. ఆ స్థలంలో కట్టిన ఫ్లాట్ల కాగితాలన్నీ ఆ నా రాతను చూసి రాసినవే. ఈ తప్పు కమిటీది కాదు, నాది. పైన రాసిన జాబితాలో దీన్ని కూడా చేర్చి ఉండవలసింది. తేదీ నకలు మీద ఉంది.

ఏప్రిల్ మొదటివారంలో నకళ్ళు తీసుకుని కార్యదర్శి ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. కాగితాలు వరసగా పరిచి చూపించాను. ఆయన పాత కాగితాలను పైపైన చూసి, తన దస్తావేజు మీద వేలు పెట్టి ఆగాడు. మొహం విప్పారింది.

"మరి నా దాంట్లో వాడ లేదుగా బాబాయి గారూ. మీ చేతి రాతే. వాడ లేనప్పుడు వాడవాళ్ళ దారి ఎక్కడిదండీ?"

ఈ మాట వస్తుందని నాకు తెలుసు. నా రాతతో నన్నే కొట్టాడు, కొట్టనివ్వండి. కానీ ఆ రాత ఎవరిని కొడుతుందో ఆయనకు అర్థం కాలేదు. నేను నిదానంగా చెప్పాను. మీ కాగితంలో లేనంత మాత్రాన సాయిబు గారి కాగితంలో లేకుండా పోదు. ఆయనకు దారి ఉంది. సిస్టరు గారికి ఉంది. నాకు ఉంది. ఈ సందులో కాగితం మీద దారి లేనిది మీ అపార్ట్‌మెంటు ఒక్కదానికే. మీ కార్లు తిరిగేదంతా వాడవారి దారి మీద. ఇన్నాళ్ళూ మిమ్మల్ని వాడవారిలో ఒకరుగా చూశారు కాబట్టి ఎవరూ అడగలేదు. ఇప్పుడు మీరే కరపత్రం అచ్చువేయించి, మేము వాడవారం కాము అని ఇంటింటికీ పంచారు.

ఆయన ఆ కరపత్రం సంగతి కాసేపు ఆలోచించాడని నా నమ్మకం. తరువాత చెయ్యి ఊపాడు. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు చూస్తారండీ అన్నాడు. స్థలాల వ్యాపారం చేసే మనిషి అన్న మాట ఇది, యథాతథంగా రాసుకున్నాను. తప్పు నాది కనుక సవరణ దస్తావేజు నేనే ఉచితంగా రాసిపెడతాను, కాలనీ కొట్టేసి వాడ అని మారుద్దాం, దాంతో మీకూ దారి వస్తుంది, గేటు తీసేయండి అన్నాను. ఆయన పక్కగదిలో ఉన్న భార్యను పిలిచి, విన్నావా, బాబాయి గారు మనల్ని మళ్ళీ వాడలో కలుపుతారట, అన్నాడు. ఇద్దరూ నవ్వారు. కాఫీ గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను.

సరాసరి సాయిబు గారి ఇంటికి వెళ్ళాను, గట్టు చుట్టూ తిరిగి. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగాను. దావా వేద్దాం, కాగితాలన్నీ ఉన్నాయి, ఫీజు గురించి మీరు ఆలోచించవద్దు అన్నాను. ఆయన సూది కింద పెట్టలేదు. పరుపు అంచు కుడుతూనే చాలాసేపు విన్నాడు.

"వద్దండీ రైటరు గారూ," అన్నాడు చివరికి. "కోర్టులో నేను గెలిస్తే బండి పోతుందండీ. బండి పోయి వాళ్ళ గుమ్మంలో ఆగితే పరుపు ఎవరిస్తారు నాకు? వాళ్ళు నోటితో రమ్మనాలి. నాకు దారొక్కటే చాలదు."

నలభై ఏళ్ళు నేను దారిని కాగితం మీద చూశాను. ఆయన గుమ్మాల దగ్గర చూశాడు. గెలిచే కాగితం చేతిలో ఉండి కూడా ఆయన ఒక పిలుపు కోసం కూర్చున్నాడు. ఆ పిలుపు ఇవ్వగలిగినవారు ఎలివేషన్ గురించి మాట్లాడుకుంటున్నారు. వారి మీద నాకు కోపం ఉండేది. ఇప్పుడు కోప్పడేంత గౌరవం కూడా లేదు.

అందుచేత దావా వేయడం లేదు. సాయిబు గారి ఇష్టానికి విరుద్ధంగా ఆయన పేరు మీద ఏదీ చేయను. కానీ నా పేరు మీద అడిగే హక్కు నాకుంది, ఎందుకంటే నా కాగితంలో నేను వాడవాణ్ణి. కమిటీవారికి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా:

ఒకటి. జనవరి ఇరవయ్యారున నేనూ సిస్టరు గారూ చెప్పిన అభ్యంతరాలను మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, ఆ పేజీ నకలు మా ఇద్దరికీ ఇవ్వవలెను.

రెండు. ఉమ్మడి దారిలో గేటు ఏ కాగితం ఆధారంగా పెట్టారో ఆ కాగితం చూపవలెను. కాగితం లేకపోతే లేదని రాసి ఇవ్వవలెను.

మూడు. నా చేతి పొరపాటును సవరించే దస్తావేజు రాసి సిద్ధంగా ఉంచాను. దాని మీద సంతకం చేస్తారో, చేయరో తెలుపవలెను. చేయని పక్షంలో అపార్ట్‌మెంటువారు ఏ హక్కు మీద ఆ బాటలో నడుస్తున్నారో వివరించవలెను.

నాలుగు. సందు చివరి ఇంట్లో కాపురముండి, మీ పరుపులు కుట్టిన మనిషి మీవాడా, కాదా? మీవాడయితే గేటు తీసి, మీలో ఒకరు ఆయన గుమ్మానికి నడిచి వెళ్ళి పిలవవలెను. కాదంటే కాదని రాయవలెను.

ఈ నాలుగింటికీ తొలకరి లోపు, కాగితం మీద, తెలుగులో, పేరుపేరునా సంతకాలతో జవాబు కోరుతున్నాను. బొమ్మలు స్వీకరించబడవు.